రోల్ నంబర్ ముప్పై ఏడు

"పిలగాడెవడు?"

మొగులయ్య అలా అడగడం అది నాలుగోసారి. గొంతు పెంచలేదు. ఫర్నిచర్ దుకాణంలో పాలిష్ పట్టే మనిషి, వార్నిష్ మరకల వేళ్ళతో పుస్తకం పట్టుకుని గడపలో కూర్చున్నాడు. పనికి బయల్దేరాల్సిన టైము దాటి అరగంటయింది.

"ఎవ్వడు లేడు నాయినా."

"లేకుంటే కాలేజీకని చెప్పి ఏడికి పోయినవ్? పద్దెనిమిది దినాలు. గీ పుస్తకంల తారీఖులతోటి రాసున్నది."

రాసి ఉంది మరి. రాయడమే కాదు, రంగుల్లో అచ్చు కూడా అయింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం ఆడపిల్లలు అరవైమంది తమ మూడేళ్ళనూ ఎనభై పేజీల్లో కుక్కి, అబిడ్స్‌లో అచ్చు వేయించుకున్న జ్ఞాపకాల పుస్తకం అది. నిన్న సాయంత్రమే చేతికొచ్చింది. వనిత ఫొటోలు చూసుకుని అలమార మీద పెట్టి పడుకుంది. ఆఖరి పేజీ తిప్పలేదు. తిప్పి ఉంటే ఇవాళ ఈ ఇంట్లో ఈ పంచాయితీ ఉండేది కాదు.

ఆ పేజీలో ఉన్నది స్నేహితురాలు అక్షిత నోట్సు పుస్తకం ఫొటో. వనిత క్లాసుకి రాని రోజున వనిత బదులు అక్షితే గొంతు మార్చి హాజరు పలికేది. ఏ రోజు పాఠం వనితకు ఎక్కించివ్వాలో మరిచిపోకుండా తారీఖు రాసుకునేది. పద్దెనిమిది తారీఖులు, పక్కన టిక్కులు, కింద అక్షిత సంతకం. దాన్ని అచ్చేసి కింద ఒక వాక్యం తగిలించారు: "రోల్ నంబర్ 37. మనిషి రాకపోయినా గొంతు మాత్రం ఒక్కరోజూ మానలేదు."

ప్రేమతోనే వేశారు. ప్రేమతో చేసే పనుల్లో ఎంత తెలివితక్కువతనం ఉంటుందో ఇరవయ్యేళ్ళ పిల్లలకు ఎవరు చెప్పాలి?

పొద్దున మొగులయ్య అక్క కిష్టవ్వ, మేనకోడలి ఫొటో చూద్దామని పుస్తకం తీసింది. ఆమెకు చదువు రాదు. కొడుకు ఎల్లేష్‌ను పిలిచి చదవమంది. అతను చదివాడు. రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా మామ చేతికిచ్చి, వాకిట్లో మంచం మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

"చెప్పరాదా," అంది కిష్టవ్వ. "మీ నాయిన దుకాణానికి పోవాలె. గింత పెద్ద చదువు చదివిపిచ్చింది గిందుకేనా?"

వంటగది గుమ్మంలో తల్లి యాదవ్వ పాలకూర తుంచుతోంది. తుంచిన కట్టనే మళ్ళీ తుంచుతోంది.

వనితకు ఉన్నట్టుండి ఒక ఆశ పుట్టింది. పిలగాడు ఉన్నాడంటే ఏమవుతుంది? నాయిన కొడతాడేమో. అత్తమ్మ శాపనార్థాలు పెడుతుంది. నాలుగు రోజులు అన్నం మానేస్తారు. అంతే కదా. ఆ పద్దెనిమిది రోజులూ ఎక్కడికి పోయిందో బయటపడేకంటే లేని పిలగాణ్ణి ఒప్పుకోవడం ఎంతో నయం.

"ఔ నాయినా," అంది. "ఉన్నడు."

యాదవ్వ చేతిలో ఆకుకూర ఆగింది.

"పేరు?"

"అంజన్."

"ఏం చేస్తడు?"

"చదువుకుంటుండు."

మొగులయ్య తల దించుకున్నాడు. కొడితే బాగుండు అనిపించింది వనితకు. లేని మనిషి కోసం తండ్రి తల అలా వాలిపోతుంటే చూడలేక గోడ వైపు తిరిగింది.

అప్పుడు ఎల్లేష్ మూతి కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. తన గదిలోకి పోయి ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చాడు. అందులోంచి మడతలు పడ్డ కాగితం తీసి, పుస్తకం పక్కన నేల మీద పరిచాడు.

"మామా, ఒకటొకటి కలుపుకో," అన్నాడు. "ఆగస్టు ఏడు. ఉన్నదా? సెప్టెంబరు పంతొమ్మిది. ఉన్నదా? నవంబరు మూడు. ఉన్నదా? ఆ అంజన్ గానికి గూడ నాంపల్లి కోర్టుల కేసున్నట్టుంది. నాకు వాయిదా ఉన్న దినమే ఈమెకు యాదికొస్తుండు."

గల్లీలో ఉల్లిగడ్డల బండివాడు మైకులో అరుచుకుంటూ పోయాడు.

భాగ్య ఈ ఇంటి పెద్ద కూతురు. మేనరికమని, కళ్ళముందే ఉంటుందని ఎల్లేష్‌కు ఇచ్చారు. మూడేళ్ళ కింద అతను ఆమె కుడి మణికట్టు విరగ్గొట్టాడు. అది మొదటిసారి కొట్టడమేం కాదు. దవాఖానలో పట్టీ వేయించుకుని ఆమె ఇంటికి రాలేదు, నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయింది. ఆనాటి నుంచి ఈ ఇంట్లో ఆమె పేరు పలకరు. మొగులయ్య పలకడు, ఎందుకంటే అమ్మానాన్న పోయినప్పుడు అయిదేళ్ళవాణ్ణి చంకనేసుకుని నాంపల్లికి తెచ్చి పెంచింది కిష్టవ్వే. ఉంటున్న వెనక గది ఆమెదే. చేస్తున్న పని ఆమె మాట్లాడి పెట్టించినదే. అక్క మీద ఒక్క మాట అనలేడు. అనలేక కూతుర్ని వదులుకున్నాడు.

వదులుకోనిది వనిత ఒక్కతే. ప్రతి వాయిదాకూ కోర్టు వెనక గేటు దగ్గర నిలబడేది. లోపలికి పోయేది కాదు, బావ చూస్తాడని. అక్క బయటకు రాగానే తన దుపట్టా ఆమెకు కప్పి, మెట్రో మెట్లెక్కించి ఆడవాళ్ళ పెట్టెలో కూర్చోబెట్టేది. అవసరం లేని స్టేషన్‌లో దిగి మళ్ళీ ఎక్కేవాళ్ళు. అలా తిప్పి తిప్పి చాదర్‌ఘాట్‌లో ఆమె ఉండే హాస్టల్ దాకా దిగబెట్టి వచ్చేది.

"మూడేండ్ల సంది సోంచాయిస్తున్న," అన్నాడు ఎల్లేష్. "గేటు దాక కనబడ్తది, గేటు దాటంగనే మాయమైతది. మంత్రం ఏస్తున్నరా అనుకున్న. మంత్రం మా ఇండ్లనే ఉన్నది."

"బావా, నువ్వు..."

"నాకు నీతోటి లొల్లి లేదు వనితా. మంచిగ చదువుకో. మీ అక్క ఏడుంటదో చెప్పు, గంతే. పోయి మాట్లాడుకుంట."

"మాట్లాడేదుంటే కోర్టుల మాట్లాడు."

"కోర్టుల వకీళ్ళు మాట్లాడ్తరు. మొగడు పెండ్లాలు మాట్లాడరు." పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "నాలుగింటి దాక చూస్త. చెప్పకుంటే ఈ పుస్తకం పట్టుకొని మీ ప్రిన్సిపాల్ దగ్గరికి పోత. దొంగ హాజరు ఎయ్యించుకున్నవని నీ పరీక్ష ఆపుతరు. ఏసినందుకు ఆ పిల్లది గూడ. కింద పేరు రాసుకున్నది గదా పాపం."

వనిత తండ్రి వైపు చూసింది. ఆ చూపుకే భయపడుతున్నట్టు మొగులయ్య నేల మీద కాగితాన్ని మడతపెడుతున్నాడు.

"చెప్పరాదా బిడ్డా," అన్నాడు. "మాట్లాడుతనంటుండు గదా."

"చెయ్యి ఇరిగిన దినం గూడ మాట్లాడుడే మొదలువెట్టిండు నాయినా."

కిష్టవ్వ కొంగుతో మూతి మూసుకుంది. మొగులయ్య మడత విప్పి మళ్ళీ మడిచాడు.

భాగ్య ఉండే చోటు తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరు. వనిత ఒకతె. రెండో మనిషి ఆకుకూర గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.

వాయిదా రోజుల్లో యాదవ్వ ఏమీ అడగకుండా రెండు టిఫిన్ డబ్బాలు కట్టేది. కిందటేడు భాగ్యకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మాత్రం వనిత చెయ్యి పట్టుకుని, "ఏడుంటది నా బిడ్డ? ఊకె తెలుసుకుంట, ఎవ్వలకు చెప్ప," అని అడిగింది. వనిత చెప్పింది. చాదర్‌ఘాట్ బ్రిడ్జి దాటాక మందుల దుకాణం పైన, మూడో అంతస్తు. యాదవ్వ ఎన్నడూ పోలేదు. ఆ నాలుగు మాటలే మనసులో పెట్టుకుని బతికింది.

వనిత బ్యాగు తీసుకుంటుంటే తల్లి వంటగదిలోంచి పిలిచింది.

"పరీక్ష ఎన్నడు?"

"సోమవారం."

"నిజంగ ఆపుతరా?"

"ఆపొచ్చు."

"మల్ల రాయొచ్చా?"

"ఏడాది ఆగాలె. ఆగితే ఆగనీ అమ్మా."

"ఏడాది ఆగుతే వీళ్ళు నిన్ను మల్ల గడప దాటనిస్తరా?" యాదవ్వ టిఫిన్ డబ్బాకు మూత పెట్టింది. "ఈ ఇండ్లకెళ్ళి ఒక్కలన్న మంచిగ బయట పడాలె బిడ్డా. ఒక్కలన్న."

"అక్క పడ్డది గదా," అంది వనిత.

యాదవ్వ డబ్బా చేతికిచ్చి పొయ్యి వైపు తిరిగింది.

* * *

నాంపల్లి స్టేషన్ ముందు ఆటోలవాళ్ళు గొడవ పడుతున్నారు. వనిత నడిచే పోయింది. రోజూ నడిచేదే. స్టేషన్ రోడ్డు దాటి అబిడ్స్ సర్కిల్ చేరేసరికి తొమ్మిదిన్నర. రేపు ఫేర్‌వెల్. రేపటికి కట్టుకోవాల్సిన చీర అక్షితది, నిన్ననే సైజు చూసి జాకెట్ కుట్టించారు. ఆ చీర గుర్తొచ్చి ఏడుపొచ్చింది. నడుస్తూనే ఏడ్చింది. రద్దీలో ఎవరూ చూడలేదు, చూసినా ఆగలేదు.

క్లాసు గుమ్మంలో అడుగు పెట్టగానే లోపలున్న ఇరవై ముప్పై మంది ఒక్కసారిగా అక్షిత గొంతును అనుకరిస్తూ కేక పెట్టారు.

"ప్రెజెంట్ మేడమ్!"

నవ్వులు. బల్లలు చరిచారు. హైందవి ఎదురొచ్చి ఆమెను లాక్కుపోయింది. పుస్తకం కూర్చింది హైందవే.

"ఎట్లుంది ఆఖరి పేజీ? సర్‌ప్రైజ్ అని అక్షితకు గూడ చెప్పలే. దాని నోట్సు కొట్టేసి ఫొటో తీసిన."

"ఎన్ని కాపీలు పంచిన్రు?"

"నిన్న పదిహేను. మిగిలినయి రేపు స్టేజీ మీద ప్రిన్సిపాల్ మేడమ్ చేతుల మీద. ఏ, గట్లున్నవేంది? కూసో, చదువుతున్నరు."

కూర్చుంది. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు అడ్డుపడి తమకు తెలిసింది కలుపుతున్నారు. మొదటి రోజు హైందవి దారితప్పి వేరే క్లాసులో రెండు పీరియడ్లు కూర్చుని నోట్సు కూడా రాసుకుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొంటే, ఎకనామిక్స్ గైడులో ఎవరో రాసిన ప్రేమలేఖ దొరికి, దాన్ని క్లాసంతా వారం రోజులు వంతులవారీగా ఇళ్ళకు తీసుకుపోయింది. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో తప్పిపోయిన ఏడుగురిని మైకులో పేర్లు పిలిచి పట్టుకున్నారు. సెకండియర్ వానల్లో కిటికీ రెక్క ఊడి లెక్చరర్ బల్ల మీదే పడింది.

"ఆ దినం వనిత ఏడ్చింది, యాదికున్నదా? దెబ్బ తాకిందని."

"వనిత కాదు, వైశాలి. వనిత రాలే ఆ రోజు."

"గైడు కొన్నప్పుడు ఉన్నది గదా?"

"లేదే."

ఎవరూ తప్పు పట్టి అనడం లేదు. వాళ్ళు వెతుకుతున్నారు, నిజంగానే, తమ జ్ఞాపకాల్లో ఆమెను ఎక్కడైనా కూర్చోబెడదామని. వనిత ఆ నవ్వుల మధ్య నవ్వు పులుముకుని కూర్చుంది. వీళ్ళ మూడేళ్ళు ఇక్కడ గడిచాయి. తన మూడేళ్ళు కోర్టు వెనక గేటు దగ్గర, బఠాణీల బండి పక్కన నిలబడి గడిచాయి. ఈర్ష్య వేసింది. అక్క మీద కోపం కూడా వచ్చింది, అది వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అక్షిత ఆమె ముఖం చూసి లేచింది. "పద," అని వెనక మెట్ల దగ్గరకు తీసుకుపోయింది.

"చెప్పు. అమ్మకు బాలేదా?"

వనిత మెట్ల కమ్మీ పట్టుకుంది.

"మల్ల గుండెల నొప్పా? దవాఖానకు పోదాం పా. నేనొస్త."

"అమ్మకు గుండె నొప్పి లేదు అక్షితా."

"తగ్గిందా?"

"ఎన్నడు లేదు."

అప్పుడు మొత్తం చెప్పింది. కోర్టు, అక్క, తారీఖులు, బావ చంకలో పుస్తకం, నాలుగింటి గడువు. తలెత్తకుండా చెప్పింది. కింద క్యాంటీన్‌లో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

"మా అమ్మ," అంది చివరికి అక్షిత, "మూడేండ్ల సంది శనివారాలు ఉపాసముంటుంది. మీ అమ్మ పేరు మీద."

"అక్షితా..."

"మొన్నటి శనివారం గూడ ఉన్నది. షుగర్ పెట్టుకొని. వద్దంటే, తల్లిలేని పిల్ల అయితది పాపం, ఒక్కపూటనే గదా అన్నది."

"నిజం చెప్పొద్దని అక్క ఒట్టు ఏయించుకున్నది."

"నాకు గూడనా? గొంతు నాది, సంతకం నాది. అబద్ధమాడింది నేను, దేనికోసం ఆడుతున్ననో నాకే తెల్వదు." అక్షిత ముక్కు ఎర్రబడింది. "కోర్టుకని చెప్తే ఎయ్యకపోదునా?"

"ఏస్తువు."

"మల్లెందుకు చెప్పలే?"

"సిగ్గైంది," అంది వనిత. "మా ఇంటి సంగతి చెప్పుకోవాలంటే సిగ్గైంది."

అక్షిత మెట్టు మీద కూర్చుంది. ఆమెకు బ్యాంకులో ఉద్యోగం ఖాయమైంది. జూన్‌లో చేరాలి, డిగ్రీ చేతిలో ఉంటేనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ ఎత్తలేదు.

"ఆ పేజీ చింపేద్దాం," అంది కాసేపటికి అక్షిత. "అన్ని కాపీలల్ల. నిన్నటి పదిహేను గూడ ఎనక్కి తెప్పిస్త."

"ఆయన చేతుల ఒకటున్నది గదా."

"అది అడిగి తీసుకో."

"ఇస్తడు. అక్క ఏడుంటదో చెప్తే ఇస్తడు."

"మల్లేం చేస్తవ్?"

వనిత దారి పొడవునా అదే ఆలోచించుకుంటూ వచ్చింది. ఎటు తిరిగినా గోడే తగులుతోంది. నోరు విప్పితే అక్క పోతుంది. విప్పకపోతే చదువు పోతుంది, తనదే కాదు, ఈ పిల్లది కూడా. మిగిలింది ఒక్కటే.

"నేనే పోయి ప్రిన్సిపాల్ మేడమ్‌కు చెప్త," అంది. "ఆయన చెప్పేది నేనే చెప్పేస్తే, ఇగ ఆయన దగ్గర బెదిరిచ్చేటందుకు ఏముంటది? నిన్ను బలవంతపెట్టిన అని చెప్త. నీ తప్పు లేదని చెప్త."

"నమ్ముతదా?"

"నమ్మకపోతే..." వనిత ఆగింది. "నువ్వు వద్దంటే పోను. నిజంగ. నీ మీద ఒట్టు."

అక్షిత కోపం ఇంకా పోలేదు, పోనక్కర్లేదు కూడా. చున్నీతో ముఖం గట్టిగా తుడుచుకుని లేచింది.

"నడువు," అంది. "బలవంతం గిలవంతం అనకు. ముప్పై ఏడు అని పిలిస్తే పలికింది నేను. నా నోటితోటి నేను చెప్త."

* * *

ప్రిన్సిపాల్ ప్రేమలీల మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఇద్దరి మాటా పూర్తిగా విన్నారు. మధ్యలో ఒక్కసారే అడ్డుపడ్డారు, "అక్క చెయ్యి ఇప్పుడు బాగుందా?" అని. వనిత తలూపింది.

"మొదటిరోజే నా దగ్గరకొచ్చి చెప్పి ఉంటే," అన్నారు ఆమె, "కోర్టు కాగితం చూసి అనుమతి రాసిచ్చేదాన్ని. పద్దెనిమిది రోజులకూ ఇచ్చేదాన్ని. అక్కకు తోడు పోవడం తప్పెలా అవుతుందమ్మా?"

ఆ మాటకు వనిత తలెత్తి చూసింది. మూడేళ్ళు దాచింది దాచాల్సిన పనే లేనిదా?

"కానీ దొంగ హాజరు వేరే సంగతి. మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పారు. ఇక తెలియనట్టు ఉండలేను." సొరుగులోంచి హాల్‌టికెట్ల కట్ట తీసి, రెండింటిని వేరు చేసి పక్కన పెట్టారు. "శనివారం కమిటీ కూర్చుంటుంది. మీరే వచ్చి ఒప్పుకున్నారని రాస్తాను. ఏమవుతుందో నేను మాటివ్వలేను."

అక్షిత తన హాల్‌టికెట్ మీద ఫొటోను చూస్తూ నిలబడింది.

"వనితా," మేడమ్ వెనక్కి పిలిచారు. "మీ బావ నిజంగా వస్తే నేను చూసుకుంటాను. నువ్వు ముందు మీ అక్కను అక్కణ్ణుంచి కదిలించు. ఇవాళే."

బయటికొచ్చాక ఇద్దరూ వరండాలో స్తంభానికి ఆనుకున్నారు. ఏడుపు రాలేదు. వనితకు ఎందుకో తేలిగ్గా ఉంది. పరీక్ష పోతే పోయింది. మూడేళ్ళలో మొదటిసారి, తన దగ్గర ఎవరూ లాక్కోవడానికి ఏమీ మిగల్లేదు. బావ నాలుగింటికి రానీ. నవ్వుతూ ఎదురెళ్ళి, చెప్పేసిన బావా, ఇంక పో అనాలనిపించింది.

"మా అమ్మకు ఎట్ల చెప్పాలె?" అంది అక్షిత.

"నేనొస్త. ఇద్దరం కలిసి చెబుదాం."

"శనివారం మాత్రం చెప్పొద్దు," అంది అక్షిత. "ఉపాసముంటది." అని తనే నవ్వేసింది. వనిత కూడా నవ్వింది. నవ్వు ఆగక ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. వాచ్‌మన్ వచ్చి పిలిచేదాకా అలాగే ఉన్నారు.

"వనిత నువ్వేనా? మీ నాయిన వచ్చిండు. గేటు కాడ నిలబడ్డడు."

మూడేళ్ళలో మొగులయ్య ఈ కాలేజీ గేటు చూడలేదు. ఫీజు కట్టడానికీ రాలేదు, సంతకానికీ రాలేదు. పాలిష్ మరకల చొక్కాతో ఆడపిల్లల కాలేజీకి రావడం తనకే చిన్నతనమనేవాడు. ఇవాళ ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గోడ నీడన ఒదిగి నిలబడ్డాడు. చంకలో పుస్తకం.

కూతుర్ని చూడగానే ముఖం విచ్చుకుంది.

"ఇగో బిడ్డా," అని పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు. "మీ బావ నీది నీకిచ్చిండు. ఇగ ఫికర్ లేదు. నిమ్మళంగ పరీక్ష రాసుకో."

వనితకు అర్థం కాలేదు. "ఎందుకిచ్చిండు?"

"ఫైసలా అయింది."

"ఏం ఫైసలా నాయినా?"

"మీ అమ్మ మంచిగ మాట్లాడింది. ఎన్నడు నోరు తెరవని మనిషి, ఇయ్యాల్ల నడింట్ల నిలబడి మాట్లాడింది. చిన్నదాని చదువు ఆగొద్దు, పుస్తకం ఇచ్చెయ్యి, ఏడుంటదో నేను చూపిస్త అన్నది. నా ముందట మాట్లాడు, చెయ్యి మాత్రం లేపొద్దు అన్నది. వాడు మా అక్క తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు." మొగులయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషపు నీళ్ళు. "ఒక్క దెబ్బతోటి ఇద్దరు బిడ్డల పంచాయితీ తెగింది వనితా."

"అమ్మ ఏది?"

"వాని బండిల పోయింది. చాదర్‌ఘాట్‌కు. వాణ్ణి చూస్తే మీ అక్క ఎక్కడ ఉరుకుతదోనని, ముందుగాల అమ్మ ఒక్కతే లోపలికి పోతది, వాడు మూల మీద ఉంటడు."

"ఎంతసేపైంది?"

"నేను నడుసుకుంట వచ్చేవరకు... అర్ధగంట."

వనిత ఫోను తీసింది. ఒకసారి నంబరు తప్పు నొక్కింది. పక్కన అక్షిత, "ఏమైంది, ఏమైంది," అంటోంది. మొగులయ్య తలా తోకా తెలియని ముఖంతో ఇద్దర్నీ చూస్తున్నాడు. భాగ్య పనిచేసే బట్టల దుకాణంలో వారానికి ఒక్కరోజే సెలవు. అది ఇవాళ.

నాలుగు రింగులకు ఎత్తింది.

"అక్కా, నువ్వు ఏడున్నవ్? రూములనేనా?"

"రూములనే ఉన్ననే, బట్టలు పిండుకుంటున్న." అక్క గొంతులో ఇంత ఉత్సాహం వనిత ఏనాడూ వినలేదు. "చెల్లె, నువ్వే తోలిచ్చినవా? వార్డెనమ్మ కింద నుంచి పిలుస్తుంది. అమ్మ వచ్చిందంటనే. మూడేండ్లకు. ఒక్కతే వచ్చిందంట."

"అక్కా, దిగకు. నా మాట విను, తలుపు..."

"మల్ల చేస్తనే. పాపం ఎండల నిలబడ్డది."

ఫోను మంచం మీద పడేసినట్టుంది, కట్ కాలేదు. చెప్పుల చప్పుడు గబగబా మెట్లు దిగిపోతోంది.